మార్గశిరంలో పూసిన మామిడి

మొన్న ఉదయం మా ఎదురింటాయన వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పంపించారు. అజీజ్‌నగర్ దగ్గర ఆయనకు ఒక తోట ఉన్నది. నెల చూస్తే మార్గశిరం. మొయినాబాదులో పొద్దెక్కేదాకా చెవులకు కట్టిన మఫ్లరు విప్పలేని చలి. ఆ ఫొటోలో మాత్రం మామిడిచెట్టు కొమ్మ కనబడకుండా పూసి ఉన్నది. కింద "మా తోటకు వసంతం ముందే వచ్చేసింది" అని రాసి, పక్కన నాలుగు పువ్వుల బొమ్మలు పెట్టారు. వీధివాళ్ళందరూ చప్పట్లు కొట్టే చేతుల బొమ్మలు పంపుతుంటే, నేను "బావిలోకి తొంగి చూశారా?" అని అడిగాను. ఆయన నవ్వే ముఖం ఒకటి పంపి ఊరుకున్నారు. ఈ రోజుల్లో నా వయసు వాళ్ళు ఏది అడిగినా జవాబు ఆ పసుపుపచ్చ ముఖమే.

నా ఉద్యోగమంతా నీటిపారుదల శాఖలో కొలతలు రాయడంతోనే గడిచింది. పదవీ విరమణ తరువాత ఆ చెయ్యి ఊరుకోక, పెరట్లో ఏ మొక్క ఎప్పుడు చిగిర్చిందో, ఏది ఎప్పుడు మొగ్గ తొడిగిందో రాసుకుంటూ వస్తున్నాను. ఇంట్లోవాళ్ళు దీనిని ఒక జబ్బు కింద జమకట్టేశారు. మందు లేదని వదిలేశారు. వసంతానికి ఒక వరుస ఉన్నది. చలి ఉండగానే మునగ పూస్తుంది, సంక్రాంతి అటూఇటుగా మామిడి, శివరాత్రి దాటాక వేప చిగురు, ఎండలు పట్టుకున్నాక మల్లె. ఒకదాని వెనుక ఒకటి, పెద్దల పంక్తిలో కూర్చున్నట్టు వస్తాయి. ఆ వరుస చెడి అందరూ ఒక్కసారి లేచి నిలబడితే ఎందుకో అడగాలని నాకు తెలిసింది చేవెళ్ళలో, మా అక్క పెరట్లో.

మా బావది చేవెళ్ళ బజారులో కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనుక ఇల్లు, ఆ వెనుక పొడుగాటి పెరడు. పెరట్లో చేదబావి, బావి పక్కన మామిడి, గోడవార వేప, తులసికోట దగ్గర మల్లెపొద. ఆ మామిడి అక్క కాపురానికి వచ్చిన ఏడాది తన చేతులతో నాటుకున్నది. కాయ చిన్నది, పులుపు నషాళానికి అంటేది, ముక్క ఏడాదైనా మెత్తబడేది కాదు. ఆ కాయతో అక్క పెట్టే తొక్కు జాడీలలో దుకాణంలోకి చేరేది. చిల్కూరు నుంచి, శంకర్‌పల్లి వైపు నుంచి మనుషులు బావ పేరు తెలియకపోయినా "అక్క తొక్కు దుకాణం ఏది" అని అడుగుతూ వచ్చేవారు. దుకాణం బావది, ఇల్లు మామగారిది, బీరువా తాళాలు అత్తగారివిగా మొదలై బావవిగా మారాయి. ఆ ఇంట్లో అక్క తనదని చెప్పుకోగలిగినది ఆ చెట్టు ఒక్కటే.

బావకు ఒక నియమం ఉండేది. స్నానాల నీళ్ళు ఒక చిన్న కాలువగుండా చెట్టు మొదటికి పోయేవి. ఏటా పూత కనబడిన రోజున చెట్టుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కాలువకు అడ్డంగా మట్టి కట్ట వేసి నీళ్ళను వీధి మోరీలోకి మళ్ళించేవారు. పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా చుక్క నీరు పెట్టనిచ్చేవారు కాదు. మామిడి తోటలవాళ్ళు చాలామంది పాటించే పద్ధతే అది, అందులో తప్పు లేదు. బావి నిండుగా ఉన్నంత కాలం చెట్టు వేళ్ళు తమ దారి తాము చూసుకున్నాయి.

కొన్నేళ్ళ కిందట ఒక మార్గశిరంలో బావ ఫోను చేసి, "బామ్మర్దీ, వచ్చి చూడు, లక్ష్మి నడిచొచ్చింది మనింటికి" అన్నారు. వెళ్ళాను. ఆకు కనబడకుండా పూత. వాసనకు తల తిరిగింది. తేనెటీగల రొద అనుకున్నది కాస్త దగ్గరికి పోతే రెండు రొదలుగా విడిపోయింది. రెండవది గోడ అవతలి మోటార్లది. అక్కడ ఎవరో దుకాణాల భవనం కోసం నేలలోకి రెండంతస్తుల లోతున గొయ్యి తవ్వుతున్నారు. గోతిలో ఊరే నీళ్ళను మోటార్లు రాత్రింబవళ్ళు తోడి మోరీలో పోస్తున్నాయి. ఇవతల వేప సగం ఆకు రాల్చి, ఆ చలిలో ఎర్రటి చిగురు వేసింది. మల్లెపొద మీద మొగ్గలున్నాయి. చూడటానికి అందంగానే ఉన్నది.

"ఒక్కటైతే సరే తమ్మీ, అన్ని ఒక్కపారే పూస్తే నాకు భయమైతున్నది" అన్నది అక్క.

"దీనికి వాన పడ్డా భయమే, ఎండ కొట్టినా భయమే" అని బావ నవ్వారు. దుకాణానికి వచ్చినవాళ్ళనల్లా పెరట్లోకి పిలిచి చెట్టు చూపిస్తున్నారు. బొట్టూ కొబ్బరికాయా అయిపోయాయి. కాలువకు కట్ట కూడా పడింది.

నల్లా నీళ్ళు వచ్చిన తరువాత ఆ ఇంట్లో ఎవరూ బావి ముఖం చూడటం లేదు. నేను చేద వేశాను. నీళ్ళ చప్పుడు రాలేదు. బురదలో కూరుకున్న చప్పుడు వచ్చింది.

"బావా, కట్ట తీసెయ్యి. నీళ్ళు లేకనే పూసింది ఇది. పోతానని తెలిసి గింజ మిగిల్చుకోవాలని తొందరపడుతున్నది."

"నీళ్ళు లేకుంటే గింత పూస్తదా? పూత మీద నీళ్ళు పెడ్తే పూతంత రాల్తదని మా నాయన నేర్పిండు. నీ ఆఫీసు లెక్కలు చెట్టుకు తెల్వయి ఇంజినీరు సాబ్."

గోతి దగ్గరికి పోయాను. అక్కడి సూపర్‌వైజరు కుర్చీలోంచి లేవకుండానే, "పెద్దాయనా, నీళ్ళ మీద నీ బావి పేరు రాసున్నదా?" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఈ రోజుకూ ఒళ్ళు మండుతుంది. మా బావి మా కళ్ళ ముందరే మోరీ వెంట పారిపోతుంటే, దానికి సాక్ష్యం మేమే తెచ్చుకోవాలి! సంబంధిత కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. ముద్ర వేసి రసీదు ఇచ్చారు. వాళ్ళు ఇచ్చినది అదొక్కటే.

అక్క ఊరుకోలేదు. బావ దుకాణంలో ఉన్నప్పుడు బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిచిన నీళ్ళు చెట్టు మొదట్లో పోసేది. తడి చూసి బావ ఇల్లెగిరిపోయేలా అరిచారు. "నీ చేతులతో నువ్వే రాల్చుకుంటున్నవు. తొక్కు పెట్టుడు బందయితే నన్ననకు." ఆ బెదిరింపు ఆమెకు తగిలింది. ఆయన చెప్పినదే నిజమైతే? చెంబు పక్కన పెట్టేసింది.

పుష్యంలో పూత నల్లబడింది. ఆవగింజలంత పిందెలు నేలంతా పరుచుకున్నాయి. ఆకులు ఎండాయి కానీ రాలలేదు. గాలి వస్తే కాగితాల్లా గలగలమనేవి. అప్పుడు బావ ఎవరికీ చెప్పకుండా పార తీసుకుని కట్ట తెంచారు. ట్యాంకరు తెప్పించారు. నీళ్ళు చెట్టు మొదలు చుట్టూ నిలబడ్డాయి గానీ లోపలికి తీసుకునేవాళ్ళు లేరు. బావ చాలాసేపు బెరడు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "పూసింది గదా... గంత పూసింది గదా..." అన్నారు. అక్క ఆయనను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయనకు కొంత తేలిక అయ్యేది.

ఆ ఎండాకాలం ఒక రైతు చిల్కూరు నుంచి వచ్చి, "అవ్వా, తొక్కు అయిందా?" అని అడిగాడు. "బజార్ల కాయతోని పెట్టి ఇయ్యరాదు, ఎవరికి తెలుస్తది" అని బావ మెల్లగా అన్నారు. "నాకు తెలుస్తది" అన్నది అక్క. జాడీలు కడిగి, ఎండబెట్టి, అడిగిన వాళ్ళకు పంచేసింది. తరువాత ఎవరైనా వచ్చి అడిగితే బావే జవాబు చెప్పుకున్నారు.

ఆ పూత నిలిచిన కొద్ది వారాలూ కాలం మాకు ఇచ్చిన గడువు. ఆ గడువంతా మేము పదిమందిని పిలిచి చెట్టును చూపించడంలో ఖర్చు చేశాము.