లిడియా సిస్టర్ సగం డ్యూటీ

మా ఆసుపత్రిలో ఏది అడగాలన్నా ఒక ఫారం ఉంటుంది. అందులో ‘కారణం’ అని ఒక గడి. అది నింపడంలో మా నర్సులందరం ఆరితేరిపోయాం. మా అత్తగారికి నేను ఆ గడిలోనే మూడుసార్లు ఆపరేషన్ చేయించాను. ఆవిడేమో పక్కూరు ఆరంగ్‌లో గుండ్రాయిలా ఉంది.

లిడియాకి ఈ విద్య రాదు. పిల్లల వార్డు ఇన్‌చార్జి, పధ్నాలుగేళ్ల సర్వీసు. రైల్వే ఉద్యోగానికని నరసాపురం నుంచి వాళ్ల నాన్న రాయపూర్ వచ్చేశాడు, ఈమె ఇక్కడే పుట్టి పెరిగింది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉండే డ్యూటీ రెండింటికే ముగించుకుంటానంది. జీతం సగం చాలట. ఇన్‌చార్జి పదవి కూడా వద్దట.

“పిచ్చా నీకు? శామ్సన్ ఒప్పుకున్నాడా?” అన్నాను. శామ్సన్ ఆమె మొగుడు, గూడ్సు బండ్ల గార్డు.

“ఇంకా చెప్పలేదక్కా.”

“ఇంత టైమ్ ఏం చేసుకుంటావ్?”

“ఏమో. వెలుతురుండగా ఇంటికెళ్లాలి. బస్, అంతే.”

నాకు ఒళ్లు మండింది. అదీ ఒక కారణమేనా? వాళ్ల పాప చదువు కోసమని నేనే దగ్గరుండి రాయించాను.

మర్నాడు అడ్మినిస్ట్రేటర్ పిలిచాడు. డ్యూటీ చార్టు రాసేది నేనే కాబట్టి నన్నూ రమ్మన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అదే మా కొంప ముంచింది.

“పాప చదువేనా? స్టాఫ్ పిల్లలకి పై అంతస్తులో ట్యూషన్ పెట్టిస్తాను. ఫీజు లేదు” అన్నాడు హిందీలో.

లిడియా నావైపు చూసింది. “అత్తగారు” అని పెదాలు కదిపాను.

“మా అత్తయ్య లీలావతిగారికి మోకాళ్లు కూడా...”

“రేపే తీసుకురా. ఫిజియోథెరపీ మన దగ్గరే చేయిద్దాం.” సంతోషంగా కలం తీశాడు. “ఇంక ఇబ్బంది లేదు కదా?”

ఫారం అడ్డంగా కొట్టేయబోతున్నాడు. ఒకసారి కొట్టేస్తే ఏడాది దాకా మళ్లీ అడగడానికి లేదు.

“సార్, అవి అబద్ధాలు” అంది లిడియా.

తప్పుడు కారణం రాసినందుకు నిరుడు ఒకమ్మాయిని ఇంటికి పంపేశారు.

“నాకు ఏ ఇబ్బందీ లేదు సార్. ఆ టైమ్ నాకు కావాలి.”

“దేనికి?”

“నాకే.”

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. “మీ ఆయన ఒప్పుకుంటే సరే” అంటూ ఫోను తీసి, ఫైల్లో ఉన్న శామ్సన్ నంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు. ఇంట్లో చెప్పని సంగతి! ఫోను మోగుతుంటే లిడియా బల్ల అంచు పట్టుకుంది. నేను మనసులో నన్ను నేను తిట్టుకుంటున్నాను.

అడ్మినిస్ట్రేటర్ హిందీలో అంతా చెప్పేశాడు, సగం జీతంతో సహా. అవతల బండి కూత వినిపించింది.

తర్వాత శామ్సన్ తెలుగులో, “లిడియా, ఉన్నావా?”

“ఉన్నాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వూ కారణం అడుగుతావని.”

శామ్సన్ గట్టిగా ఊపిరి వదిలాడు. “ఇల్లు ఎట్లా నడుస్తదో ఆలోచించావా?”

“ఆలోచించాను. కష్టమే.”

“నాకు చాలా కోపంగా ఉంది.”

“తెలుసు.”

ఆమె ముఖం చూడలేక నేను నేల చూశాను.

“మనం పోట్లాడుకుని ఎన్నాళ్లయిందే? నేనొచ్చేసరికి నువ్వుండవు, నువ్వొచ్చేసరికి నేనుండను” అన్నాడు శామ్సన్. ఈసారి గొంతు తగ్గింది. “సరే. సోమవారం నాకు రెస్టు. రెండు కొట్టగానే ఇంటికి రా. అప్పుడు తిడతా.”

ఫోను పెట్టేశాడు. తెలుగు రాని అడ్మినిస్ట్రేటర్ నావైపు తిరిగాడు. “ఏమన్నాడు?”

“ఒప్పుకున్నాడు సార్” అన్నాను.

ఆయన సంతకం చేశాడు. ఆ కలంతోనే నన్ను చూపించి, “మరి ఇన్‌చార్జిగా నువ్వుంటావా నీలిమా?” అన్నాడు. మాట పూర్తికాకముందే సరేనన్నాను.

సోమవారం రెండింటికి లిడియా మందుల అల్మారా తాళాలు నా చేతిలో పెట్టింది. “వస్తానక్కా” అని మెట్లు దిగింది. కిటికీలోంచి చూశాను. గేటు దాటి ఎండలోకి వెళ్లి, చున్నీ తలమీద కప్పుకుని, ఆటో కోసం కూడా ఆగకుండా నడిచింది. నాకు ఆమె మీద మళ్లీ కోపం వచ్చింది. కాసేపటికి అది ఆమె మీద కాదని తెలిసి కళ్లనీళ్లొచ్చాయి. పందొమ్మిదేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాను. నన్నెవరూ కాదనలేదు. నాకోసమని నేనే ఒక్కసారీ అడగలేదు.