టమోటా బాక్సుల్లో చెవి మిషను

మదనపల్లె టమోటా మండీకి నేను రోజూ ధరలు రాసుకోవడానికి పోయేవాణ్ణి. అక్కడ కాయలు ఏరే ఒకామె పుంగనూరు వైపు పల్లె నుంచి తొలి బస్సుకు వచ్చేది. వినికిడి తగ్గింది. ఒకసారి వెనక్కొస్తున్న లారీ కింద పడబోయిందని మండీ యజమాని ఆమెను పనికి రావద్దన్నాడు. మిషన్ ఆసుపత్రిలో చెవి మిషను పెట్టించుకుని వచ్చి చూపించాకే మళ్లీ రానిచ్చాడు. అది లేకుండా కనబడితే అదే ఆఖరి రోజని కూడా చెప్పాడు.

ఆ ఉదయం ఆమె బాక్సుల పక్కన నిలబడి తలగుడ్డ విప్పి దులుపుకుంది. కాసేపటికి చెవి తడుముకుంటే మిషను లేదు. అప్పటికే ఆమె ఏరిన బాక్సుల్లో సగం లారీ ఎక్కేశాయి.

అది ఫోనుతో కలిసి పనిచేసే రకం. మిషనుకు ఎంత దగ్గరగా పోతే ఫోను తెర మీద అన్ని గీతలు కనబడతాయి. ఆమె ఫోను తీసింది. ఒక్క గీత ఉంది.

మండీలో ఎవరిదైనా వస్తువు పోతే వేలం ఆపి మరీ అందరూ వెతకడానికి వచ్చేస్తారు. ఆరోజూ అంతే. హమాలీలు, ఏరే ఆడవాళ్లు, టీ అమ్మే ఆయన చుట్టూ మూగి ఫోన్లోకి తొంగిచూశారు. ఉన్న ఒక్క గీతా పోయింది.

"బ్యాటరీ అయిపోయినట్లుండాది," అన్నాడొక హమాలీ.

"నీ బుర్రలో అయిపోయింటాది. జరుగు, సూడనీ," అంది పక్కనున్న ఆడమనిషి.

లారీ డ్రైవరు కిందికి దిగాడు. "ఏందప్పా ఇది! కుప్పం దాటి కృష్ణగిరి పోవల్ల నేను. ఆయమ్మ చెవి యాడో పోగొట్టుకుంటే నా బండి యాల నిలిపేది?"

ఆమెకు ఇదేదీ వినబడలేదు. ఫోను చూస్తూనే గట్టిగా అరిచింది. "దూరం పోండప్పా! ఇంట్లో పరుపు కింద పోయినప్పుడు సూసినా. చెయ్యి అడ్డం పెడితే గీత పడిపోతాది. మీరంతా అడ్డమే!"

నిజమే. మనుషుల్లోనూ టమోటాల్లోనూ ఎక్కువగా ఉండేది నీళ్లే. మిషను నుంచి ఫోనుకు వచ్చే బలహీనమైన రేడియో తరంగాన్ని నీళ్లు పీల్చేస్తాయి. సాయానికి వచ్చినవాళ్లే గోడ కట్టేశారు.

జనం ప్రహరీ దాకా జరిగారు. ఆమె ఒక్కతే ఫోను ముందుకు చాచి నడిచింది. నేల మీది బాక్సుల దగ్గర ఒక గీత. లారీ వెనక రెండు. ఎడమ పక్క మూడు. డ్రైవరు గొణుక్కుంటూనే పైకెక్కి బాక్సులు దించాడు. ఒక్కోటి దిగేకొద్దీ గీతలు పెరిగాయి. ఏడో బాక్సు పక్కన నిండాయి. ఆమె చెయ్యి పెట్టి, రెండు కాయల సందులోంచి మిషను తీసింది. కొంగుతో తుడిచి చెవికి పెట్టుకుని, లారీకి వీపు పెట్టి మళ్లీ ఏరడానికి కూర్చుంది.

డ్రైవరు బాక్సులన్నీ ఎక్కించుకుని బండి వెనక్కి తీశాడు. ఆమెను జరగమని కేక వేయబోయిన హమాలీని, ఆమె వైపే చూస్తున్న యజమాని చేత్తో ఆపాడు. నేను రాయడం ఆపి చూశాను. లారీ ఇంకా దూరంగా ఉండగానే, ఇంజను సద్దుకు ఆమె లేచి బాక్సును లాక్కుని పక్కకు జరిగింది.

యజమాని వేలం మొదలుపెట్టమన్నాడు.