ఏడో పడక

పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా ట్వైలా ఒక్క రాత్రి కూడా ఇల్లు విడిచి పడుకోలేదు. వాళ్ల నాన్నకి పాడి. నెబ్రాస్కా ఇసుక దిబ్బల పక్కన ఆవుల్ని పెట్టుకుని బతికే ఇంట్లో సెలవులన్న మాటే వినపడదు. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి పాలు పిండాల్సిందే. వేసవి అయిపోయి బడి తెరవగానే పిల్లలంతా కొండలకెళ్లాం, సరస్సులో ఈదాం అని చెప్పుకుంటుంటే ట్వైలాకి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఓ ఏడాది ఉక్రోషం పట్టలేక, మా ఆవొకటి సరస్సు ఈది అవతలి ఒడ్డుకెళ్లింది, దాన్ని తేవడానికి మేమంతా పడవలో వెళ్లాం అని కోతలు కోసేసింది. టీచరమ్మ నవ్వుకుంది గానీ కాదనలేదు.

అలాంటి పిల్ల పెరిగి, లైల్ నొవొట్నీ అనే గడ్డి లారీల ఆసామిని చేసుకుని, నలుగురు పిల్లల తల్లయ్యింది. పెద్దది మారెన్‌కి పద్నాలుగేళ్లు. తర్వాత కవలలు ఆటో, ఎమెట్. ఆఖరిది బర్డీ, అయిదేళ్లది. ట్వైలా ఊళ్లో స్కూలు బస్సు నడుపుతుంది. వేసవిలో బస్సు ఉండదు. లైల్‌కి కూడా గడ్డి మొదటి కోతకీ రెండో కోతకీ మధ్య ఓ వారం పది రోజులు ఊపిరాడుతుంది. ఆ వారం ఎక్కడికైనా వెళ్లి తీరాలని ట్వైలా పట్టు.

మొదట డేరాతో వెళ్లారు. కిందటేడు సరస్సు ఒడ్డున భోజనాలకి కూర్చున్నారో లేదో, మైదానం మీంచి గాలి లేచింది. మేకులు పటపటా ఊడొచ్చాయి. డేరా గాలిపటంలా లేచి, పరుపులతో సహా వెళ్లి నీళ్లలో పడింది. కవలలిద్దరూ చప్పట్లు కొట్టి "మళ్లీ, మళ్లీ!" అని గెంతారు. ఆ రాత్రి ఆరుగురూ ట్రక్కు ముందు సీట్లలో ఒకరి మీద ఒకరు ఒరిగి తెల్లవార్చారు. ఒకవైపు ఎమెట్ మోచెయ్యి డొక్కలో పొడుస్తుంటే, ట్వైలా మొగుడితో అంది: "వచ్చే ఏడు నా పిల్లలు పడకల మీద పడుకుంటారు. అంతే. ఇంకేం మాట్లాడకు."

"నేనేమన్నాను?" అన్నాడు లైల్.

ఆ చలికాలమంతా ట్వైలాకి అదే ధ్యాస. లైల్ ట్రక్కు బలమైంది, వెనక తొట్టి ఉంది. ఆ తొట్టి నడిమధ్య బిగించిన ఇనప పళ్లెం మీద ముక్కు ఆనించి, ఏనుగు వెనక గున్నలా నడిచొచ్చే పెద్ద ట్రైలర్లుంటాయి. ఫిఫ్త్ వీల్ అంటారు. ముందు భాగం ట్రక్కు మీదికెక్కి ఉంటుంది, అందులో పెద్దవాళ్ల పడకగది. మధ్యలో వంటిల్లు. వెనకాల పిల్లలకి రైలు పెట్టెలోలా ఒకదాని మీద ఒకటి అరల పడకలు. ట్వైలాకి కావలసింది ఆ వెనక గదే.

బొమ్మలు ఎన్ని చూసినా మనసుకి అందలేదు. మార్చిలో ఓ ఆదివారం గడ్డి షెడ్డు ఖాళీ చేయించి, సిమెంటు నేల మీద నీలం టేపుతో ట్రైలరు మొత్తం అసలు కొలతల్లోనే గీసేసింది. ఇది తలుపు, ఇది పొయ్యి, ఇది బాత్రూమ్. తర్వాత ఇంటిల్లిపాదినీ పిలిచి, "రండి, మధ్యాహ్నం దాకా ఇందులోనే ఉండాలి" అంది.

లైల్ కాఫీ కప్పు పట్టుకుని నేరుగా నడిచొచ్చాడు.

"గోడ! నాన్నా, గోడ!" అని కవలలు అరిచారు. "గోడలోంచి వచ్చేశావు!"

"ఇంకా కట్టలేదుగా," అన్నాడు లైల్, ఆ గీత దాటి మళ్లీ వెనక్కెళ్లి తలుపులోంచి వస్తూ.

మారెన్ తన పడక గీత మీద బోర్లా పడుకుని, "దీనికి తలుపేదమ్మా? వీళ్లిద్దరూ ఇరవైనాలుగ్గంటలూ నా మొహంలోకి చూస్తుంటారా?" అంది. బర్డీ పిల్లిని తీసుకొచ్చి బాత్రూమ్‌లో కూర్చోబెట్టి, "లోపల మనిషుంది, ఎవరూ రావద్దు" అని కాపలా కాసింది. ఆరుగురూ వంటింటి గీతల్లో నిలబడేసరికి ఒకరు కదిలితే అయిదుగురు జరగాల్సొచ్చింది.

అప్పుడే లైల్ తల్లి అర్డిత్ మడత కుర్చీ చంకలో పెట్టుకుని వచ్చింది. ఆవిడ ఇల్లు పొలానికి అవతలి కొసన. మొగుడు పోయినప్పట్నుంచీ ఒక్కతే ఉంటుంది. కుర్చీ తెచ్చి సరిగ్గా పొయ్యి మీదే వేసుకుని కూర్చుంది.

"అత్తయ్యా, మీరు పొయ్యి మీద కూర్చున్నారు," అంది ట్వైలా.

"పర్లేదు, వెచ్చగానే ఉంది," అంది అర్డిత్. "నేనెలాగూ రాను గానీ, అమ్మాయ్, ఆ మెట్లు చూశావా? పడగ్గదికి ఎక్కాలంటే మూడు మెట్లు. నా మోకాళ్లతో ఎవరెక్కుతారు?"

"మీరు రారుగా మరి!"

"రానమ్మా రాను. ఊరికే అన్నాను."

రాను రాను అంటూనే, మే నెలలో శనివారం నాడు కెర్నీలో ట్రైలర్లు అమ్మేచోటికి బయల్దేరితే, అందరికంటే ముందొచ్చి ముందు సీట్లో కూర్చుంది. ఒళ్లో తిండి పెట్టె. పంది మాంసం పెట్టిన బ్రెడ్డు, ఊరగాయ దోసకాయలు, ఎండు రేగుపండ్ల ముద్ద నింపి తన చేత్తో కాల్చిన కొలాచీలనే తీపి రొట్టెలు. "చూడ్డానికి వస్తున్నా," అంది.

అక్కడ మైదానం నిండా ట్రైలర్లు వరసలు తీరి ఉన్నాయి. పిల్లలు తలుపు తెరవడం ఆలస్యం, నాలుగు దిక్కులా పరిగెత్తారు. ట్వైలాకీ అలాగే పరిగెత్తాలనిపించింది. అమ్మే కుర్రాడి పేరు డెనీ. ఎర్రటి బుగ్గలు, కొత్త టోపీ. లైల్ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"సార్, మీకోసమే ఒకటి పెట్టాను. చూస్తే ఇంటికెళ్లరు."

నిజమే, అది చూసి లైల్ నోరు తెరిచాడు. గోడలో మంట వెలిగే పొయ్యి, నడినెత్తిన దీపాల గుత్తి, తోలు సోఫా. లైల్ అందులో కూరుకుపోయి, "ట్వైలా, ఇంక చూడక్కర్లేదు, ఇదే," అన్నాడు.

ట్వైలా అటూ ఇటూ చూసింది. బాగానే ఉంది. అయినా అడిగింది: "బాబూ, ఈ గోడలు లోపలికి జరుపుతావా?"

ఈ బళ్ల గోడలు కొన్ని సొరుగుల్లా బయటికి జరుగుతాయి. నిలిపి ఉంచినప్పుడు ఇల్లు విశాలమవుతుంది. రోడ్డు మీద మాత్రం లోపలికి మూసేయాలి.

"ఎందుకు మేడమ్? అందరూ తెరిచే చూస్తారు," అన్నాడు డెనీ.

"మేం దారిలో ఆగి తినే మనుషులం. ఆగిన ప్రతిచోటా గోడలు తెరుచుకుంటూ కూర్చోం కదా."

డెనీ మీట నొక్కాడు. గోడ గుర్రుమంటూ లోపలికొచ్చింది. దాంతోపాటు సోఫా, సోఫాలో లైల్. "ఆగాగు!" అంటూ కాళ్లు పైకెత్తి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకున్నాడు. గోడలు పూర్తిగా మూసుకునేసరికి ఫ్రిజ్ తలుపు తెరుచుకోలేదు, బాత్రూమ్‌కి దారి లేదు. పిల్లల గది సంగతి చెప్పనే అక్కర్లేదు.

"దారిలో బర్డీకి అర్జెంటయితే?" అంది ట్వైలా.

"వాళ్ల నాన్న ఒళ్లో," అంది అర్డిత్ బయట్నుంచి.

దానికి తోడు మారెన్ ట్రక్కు తలుపు దగ్గరున్న బరువుల పట్టీ చదివొచ్చి, మన ట్రక్కు ఇంత బరువు మొయ్యలేదు నాన్నా అని చల్లగా చెప్పింది. లైల్ సోఫాలోంచి పాక్కుంటూ బయటపడ్డాడు.

రెండోదాంట్లో మూడంతస్తుల పడకలు. కవలలు ఎగిరి ఎక్కారు, ఎగిరినంత వేగంగా ఇద్దరి తలలూ కప్పుకి కొట్టుకున్నాయి. ఏ పడక మీదా కూర్చునే ఎత్తు లేదు. మారెన్ పాదాలు బయటికి వేలాడాయి. "శవాల అర," అంది మారెన్. ట్వైలాకి ఉత్సాహం కాస్త నీరుగారింది.

అప్పటికి పడమట ఆకాశం పచ్చగా, పుండు మాగినట్టు మారింది. ఇక్కడి వాళ్లకి ఆ రంగు తెలుసు. ఒక్క చల్లటి గాలి తెర వచ్చి డెనీ టోపీ ఎగరేసుకుపోయింది. ఆ వెంటనే ఠప్పుమని కోడిగుడ్డంత వడగల్లు ఒకటి వాళ్ల ముందు పడి పగిలింది.

"లోపలికి! ఏదో ఒకదాంట్లోకి!" అని డెనీ అరిచాడు.

దగ్గర్లో ఉన్నది వరస చివర గోధుమరంగు బండి. దాని వైపు ఇందాకట్నుంచి ఎవరూ చూడలేదు. అందరూ పడుతూ లేస్తూ ఎక్కారు. అర్డిత్ మాత్రం ట్రక్కు వైపు మళ్లింది.

"అమ్మా! ఎక్కడికి?" లైల్ కేకేశాడు.

"కొలాచీలురా!" అంటూ ఆవిడ పెట్టె నెత్తిన గొడుగులా పట్టుకుని, మోకాళ్ల సంగతే మర్చిపోయి పరిగెత్తుకొచ్చింది.

లోపల ఎనిమిది మంది, గోడలు మూసే ఉన్నాయి. తెరుద్దామంటే బ్యాటరీ ఇంకా పెట్టలేదు. పైన రేకు మీద లారీతో కంకర దింపుతున్నట్టు మోత. బర్డీ ఏడుపు లంకించుకుంది. అర్డిత్ దాని చెయ్యి పట్టుకుని "పద, మోత తక్కువున్నచోటికి పోదాం" అని సన్నటి నడవలోంచి వెనక్కి నడిచింది. పిల్లల గది తలుపు లాగింది. తలుపు తెరుచుకుంది!

ట్వైలా గబుక్కున తల తిప్పింది. బాత్రూమ్ తలుపు లాగింది. తెరుచుకుంది. ఫ్రిజ్ లాగింది. అదీ తెరుచుకుంది. గోడలన్నీ మూసున్నా, ఎవరినీ తొక్కకుండా ఆ కొస నుంచి ఈ కొసకి నడవొచ్చు. "లైల్," అంది, గొంతు పైకి లేచింది. "లైల్, చూశావా? అన్నీ తెరుచుకుంటున్నాయి!"

"ఏంటీ?" మోతలో వినపడక అరిచాడు లైల్.

"అన్నీ! తెరుచుకుంటున్నాయి!"

వెనక గదిలో అటు రెండు, ఇటు రెండు పడకలు. వాటి పైన కప్పు కింద చిన్న అటక, దానికో నిచ్చెన, అడ్డంగా జరిపే చెక్క తలుపు. మారెన్ అప్పటికే అటకెక్కి తలుపు వేసేసుకుంది. "నేనిక్కడే ఉంటా, నన్నెవరూ పిలవద్దు," అని లోపల్నుంచి మాట. కవలలు పై పడకల మీద లేచి కూర్చున్నారు. తలలు తగల్లేదు. బర్డీ కింది పడక మీద. దాని ఎదురు పడక మీద అర్డిత్ బూట్లు విప్పి, కాళ్లు చాపి పడుకుంది.

మోత ఎంతసేపుందో గానీ, అంతసేపూ అర్డిత్ వాళ్లకి తన చిన్నప్పటి ముచ్చట్లు చెప్పింది. అయిదుగురు అక్కచెల్లెళ్లూ ఒకే మంచం మీద ఎలా పడుకునేవాళ్లో, మధ్యలో ఉన్నది తిరగాలంటే అందరికీ ఎలా చెప్పి తిరిగేదో. ఆటో నవ్వి నవ్వి పడక మీంచి జారబోయాడు. కొలాచీలు కింది పడకల్నుంచి పైకి, పైనుంచి అటకకి చేతులు మారాయి. మారెన్ తలుపు సందులోంచి చెయ్యి మాత్రం బయటపెట్టింది. డెనీ కూడా నడవలో చతికిలబడి రెండు తిన్నాడు.

ట్వైలా గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అత్తయ్యా, మోకాళ్లెలా ఉన్నాయి?"

"ఈ గదికి మెట్టే లేదుగా," అంది అర్డిత్ కళ్లు మూసుకునే. "నడిచొచ్చాను, పడుకున్నాను. అమ్మాయ్, ఈ పడక నాది. ఇందులో ఎవరైనా బట్టలు పెట్టారో, ఊరుకోను."

"మీరు రానన్నారుగా?"

అర్డిత్ గోడ వైపు ఒత్తిగిల్లింది. "మీ మామగారు పోయాక ఆ ఇంట్లో గడియారం తప్ప ఇంకేమీ వినపడదే," అంది. "వీళ్ల గోల నాకేం ఇబ్బంది లేదు. నా గురకే వీళ్లకి ఇబ్బంది."

"మేం వింటాం నానమ్మా," అంది బర్డీ, మూతికంతా రేగుపండు ముద్ద పూసుకుని.

ట్వైలా వంగి అత్తగారి బూట్లు తీసి, పడక కింద వరసగా పెట్టింది.

వాన వెలిసి బయటికొస్తే నేలంతా తెల్లగా ఉంది, ఎండ తగిలి పొగలు లేస్తున్నాయి. వరసలో బళ్లన్నిటికీ సొట్టలు. గోధుమ రంగుదానికి కూడా ముందు భాగంలో పడ్డాయి. డెనీ నెత్తి పట్టుకున్నాడు. కాసేపటికి తేరుకుని, "మేడమ్, ఇలాంటిదే సొట్టల్లేనిది మా ఇంకో ఊరి కొట్లో ఉంది, తెప్పిస్తాను," అన్నాడు.

"వద్దు. ఇదే," అంది ట్వైలా. తర్వాత గుర్తొచ్చి మొగుడి వైపు చూసింది. "నీకు సరేనా?"

లైల్ లోపల సోఫాలో ఇంకోసారి కూర్చుని చూసి వచ్చాడు. "కాళ్లెత్తక్కర్లేదు," అన్నాడు. "సరే."

బండి అప్పజెప్పే రోజున డెనీ వెనక్కి నడపడం ఎలాగో లైల్‌కి చెప్పబోతే, లైల్ బొటనవేలితో పక్కకి చూపించాడు. "నాక్కాదు, ఆవిడకి చెప్పు. నడిపేది ఆవిడే." ట్వైలా స్టీరింగు ముందు ధీమాగానే కూర్చుంది. కానీ స్కూలు బస్సు నడుం దగ్గర విరగదు, ఇది విరుగుతుంది. మొదటిసారి కుడికి తిప్పితే బండి ఎడమకి పోయి చెత్త డబ్బాని పడగొట్టింది. రెండోసారి డబ్బా మీంచే వెళ్లింది. కవలల కేరింతలకి అంతు లేదు. ఆ తర్వాత డెనీ ఆ డబ్బా తీసి దూరంగా పెట్టేశాడు. అప్పుడు సరిగ్గా వచ్చింది.

జులైలో వాయవ్యాన పైన్ చెట్ల కొండలకెళ్లారు. దారిలో ఓ పచ్చిక పక్కన ఆగి, గోడలు తెరవకుండానే భోంచేశారు. సాయంత్రానికి చెట్ల కింద బండి నిలిపి, లైల్ దాని ఇనప కాళ్లు దింపి సమం చేస్తుంటే, పిల్లలు అప్పుడే ఏటి వైపు మాయమయ్యారు. పక్క డేరాలోని ముసలి దంపతులు పలకరించడానికి వచ్చారు. అర్డిత్ వాళ్లని లోపలికి తీసుకెళ్లి ఒక్కో అరా తెరిచి చూపిస్తోంది.

"బాగా వెతికి కొన్నారే," అంది ఆ ముసలావిడ.

"మా కోడలికేం తెలుసమ్మా, పాపం," అంది అర్డిత్. "నేనే ఎంచాను."

బయట మెట్టు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్న ట్వైలాకి ఆ మాట వినపడింది. నవ్వొచ్చింది, కళ్లు మండుతున్నాయి. ఇంతలో ఏటి దగ్గర్నుంచి బర్డీ గొంతు: "అమ్మా! తాబేలు! తొందరగా రా, వెళ్లిపోతోంది!"

ట్వైలా కత్తి పక్కన పడేసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ, చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.