అందరికీ చేరిన గడ్డం మెయిలు

కళ్ళద్దాల కార్ఖానాలో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. కంప్యూటర్ల గదిలో కూర్చుని మెయిళ్ళ రాకపోకలు కనిపెట్టుకుని ఉంటుంది కనుక టపా అక్క అయిపోయింది. ఆ మెయిళ్ళను మోసే పాత సర్వరుకు తాతగారని ఆవిడే పేరు పెట్టింది. తాతగారికి ఆయాసం. నలుగురు ఒకేసారి పలకరిస్తే నోట మాట రాదు. ఆయన మూగపోయిన పూటల్లా ఆర్డర్లు దారిలో చిక్కుకునేవి. ఎక్కడో ఎవరో అద్దాలు రాక కళ్ళు చికిలించుకుని కూర్చోవాల్సిందే.

అందుకని ఆవిడ రెండో సర్వరు తెప్పించి తాతగారి పక్కనే బల్ల మీద కూర్చోబెట్టింది. మేనేజరు గుబురు గడ్డం నిమురుకుంటూ వచ్చి చూశాడు.

"చూడమ్మా, శుక్రవారం దాకా టైమిస్తున్నా. ఇది నిలబడిందా, సరే. లేదంటే మెయిలంతా బయటి కంపెనీకి ఇచ్చేసి, నిన్ను గోదాములో వేస్తా."

"గోదాములో దుమ్మండీ. నాకు తుమ్ములు."

"అయితే నిలబెట్టు మరి!"

కొత్త పడవను నీళ్ళకు అలవాటు చేసేవాళ్ళు మొదటిరోజే మనుషులను ఎక్కించరు. పాత పడవ జనాన్ని దాటిస్తూనే ఉంటుంది; కొత్తది పక్కనే ఇసక మూటలు వేసుకుని తిరుగుతుంది. ఏ రేవులో చూసినా ఇంతే. టపా అక్కదీ అదే పద్ధతి. అసలు ఆర్డర్లు తాతగారి మీదే నడిచాయి. అందరి కంప్యూటర్లలోనూ పాత మెయిలు డబ్బా పక్కన కొత్త సర్వరుది ఇంకో డబ్బా తెరిచి, కొత్త సర్వరు మీద ఇసక మూటలు వేసింది. ఆ మూటలు ఇంటి కబుర్లు. ఊరికే ఒకటి, రెండు, మూడు అని రాసి పంపడం ఆవిడకు చిరాకు. పక్కింటి పిల్లి సంగతో, కారే కుళాయి సంగతో నిండుగా రాస్తేనే, అవతల అక్షరం పొల్లుపోకుండా చేరిందో లేదో తెలుస్తుందంటుంది.

శుక్రవారం పొద్దున, బయటికి మెయిలు వెళ్తోందా లేదా చూడటానికి ఒక పరీక్ష చిరునామా చేసింది. దానికి పంపింది భర్తకు చేరాలి. తొందరలో వేలు ఒక వరుస కిందికి జారి, భర్త బదులు కార్ఖానాలో 'అందరూ' అన్న జాబితాకి ముడిపెట్టేసింది. చూసుకోకుండా రాసి పంపింది:

"సాయంత్రం మా అమ్మ వస్తోంది. దయచేసి ఆ గడ్డం గీసుకోండి. పోయినసారి మిమ్మల్ని చూసి గుమ్మంలోనే కెవ్వుమంది."

క్షణంలో సానపట్టే గదిలో నవ్వులు పేలాయి. జవాబులు మొదలయ్యాయి; ఒక్కో జవాబూ మళ్ళీ అందరికీ పోతోంది.

"అక్కా, మీసం ఉంచుకోవచ్చా?"

"మేస్త్రీగారు ఒప్పుకోనంటున్నారు. మీ అమ్మగారినే కళ్ళు మూసుకోమంటున్నారు."

"ఈ ఆజ్ఞ మేనేజరుగారికి కూడానా?"

ఆవిడ ముఖం కందగడ్డ అయింది. కొత్తదాన్ని ఆపేద్దామని చెయ్యి ప్లగ్గు మీదికి పోయింది. అప్పుడు తెర మీద చూసింది. వందల మెయిళ్ళు వచ్చినవి వచ్చినట్టే చేరిపోతున్నాయి, ఒక్కటీ ఆగలేదు. పక్కన తాతగారు ఈ గోలేమీ పట్టకుండా ఆర్డర్లు అందుకుంటున్నారు. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. "పరీక్షకి కావాలని పిలిచినా ఇంతమంది వచ్చేవాళ్ళా!" అనుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరో నున్నటి ముఖం గుమ్మంలో నిలబడింది. గొంతు వింటే గానీ మేనేజరని తెలియలేదు.

"ఎదురు వీధి మంగలి దగ్గర లైను కట్టారు మనవాళ్ళు. నేనూ నిలబడ్డాను. అన్ని మెయిళ్ళు పడ్డా చావలేదుగా నీ కొత్తది?"

"గుక్క కూడా తిప్పుకోలేదండీ."

"సోమవారం నుంచి దీని మీదే నడిపించు. గోదాము మాట నేననలేదు, నువ్వు వినలేదు."

టపా అక్క గాల్లో తేలుతూ ఇల్లు చేరింది. గుమ్మంలో వాళ్ళమ్మ గుండె మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. ఎదురుగా భర్త, చెవుల దాకా గడ్డంతో.

"మెయిలు పెట్టానుగా!" అంది ఆవిడ.

"ఏ మెయిలు?" అన్నాడాయన.