ఫజర్‌లో యూసుఫ్ సూరా

చదువు ముగియగానే ఊరంతా మన గొంతు కోసమే ఎదురుచూస్తోందనిపించే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నేను ఖురాన్ మొత్తం కంఠస్థం చేసి, మదరసా నుంచి బాన్సువాడకు తిరిగొచ్చాను. మా గల్లీ మసీదు ఇమాం సాబ్ పనిమీద కోటగిరి వెళ్తూ, తెల్లవారి ఫజర్ నమాజు నన్ను చదివించమన్నారు. అది నచ్చితే రంజాన్‌లో ఖురాన్ మొత్తం వినిపించే తరావీ నమాజులూ నాకే ఇస్తామని, నచ్చకపోతే వర్ని నుంచి ఇంకో హాఫిజ్‌ను పిలుస్తామని మసీదుకు పెద్ద అయిన గడియారం చాచా ముందే చెప్పాడు. (వేళ దాటితే దగ్గుతాడు కాబట్టి ఆ పేరు.)

ఖురాన్‌ను రాగంగా చదివే ఈజిప్టు ఖారీలను ఫోన్‌లో విని సానపట్టిన గొంతు నాది. చిన్న సూరా నా స్థాయికి తక్కువనిపించి, యూసుఫ్ ప్రవక్త కథ చెప్పే పెద్ద అధ్యాయం, యూసుఫ్ సూరా అందుకున్నాను. అన్నలు తమ్ముణ్ని బావిలో పడేశారు. తండ్రికి ఓర్పు తప్ప దారిలేని చోటికి రాగానే మొదటి వరుసలో ఎవరో వెక్కారు. గుర్తుపట్టాను, మా దాదా, నాన్నకు నాన్న. అల్లా వాక్యం పెద్దాయన గుండెను తాకిందని, అందులో నా గొంతు సాయమూ కొంత ఉందని (వినయంగానే) అనుకుని ఇంకాస్త సాగదీశాను. వెక్కిళ్లు మూలుగులయ్యాయి. నేను మరింత కరిగిపోయాను. గడియారం చాచా దగ్గుతూనే ఉన్నాడు. యూసుఫ్ జైలుకు వెళ్లేదాకా నేను చదవడం ఆపి రుకూకు వంగలేదు.

నమాజు కాగానే, కళ్లనిండా నీళ్లతో కూర్చున్న దాదా పక్కన చేరి, ఏ ఆయత్ దగ్గర ఏడుపొచ్చిందని అడిగాను.

"ఆయత్ కాదు బేటా, మోకాళ్లు. మనుమడు మొదటిసారి ఇమామై నిలబడితే నేనెట్ల కూసుంట? బిగబట్టుకొని నిలబడ్డ. నువ్వేమో ఇడుస్తనే లేవు."

గడియారం చాచా కోప్పడలేదు. పొలానికి నీళ్ల వంతు ఉన్నవాళ్లు, నిజామాబాద్ బస్సు అందుకోవాల్సినవాళ్లు వెనక ఉంటారని చెప్పి, రంజాన్‌కు నేను నమాజుకు పిలిచే అజాన్ ఇస్తే చాలన్నాడు. పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే ప్రవక్త (స) నమాజు కుదించేవారన్న హదీసును అరబ్బీలో అప్పజెప్పి మదరసాలో బహుమతి కొట్టినవాణ్ని నేను. ముసలాయన ఏడుపు విని పొడిగించిందీ నేనే.

ఇంటికెళ్లి ముఖం మాడ్చుకుని పడుకుంటే, మంచం మీద కాళ్లు చాపుకుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్న దాదా పిలిచాడు.

"గట్లనే వచ్చేస్తివి. యూసుఫ్ ఇంకా జైల్లనే ఉన్నడు. బయటికి తియ్యి."

చదివాను. ఈసారి ఏ ఖారీ గొంతూ గుర్తురాలేదు. తండ్రీకొడుకులు కలిసే చోట దాదా తువాలుతో కళ్లొత్తుకున్నాడు. మళ్లీ మోకాళ్లా అని భయంభయంగా అడిగాను.

"లేదు. చదువు," అన్నాడు.

ఇప్పుడు ఆ మసీదుకు ఇమాం నేనే. నా నమాజు మరీ తొందరగా అయిపోతుందని కుర్రకారు నవ్వుతారు. దాదా లేడు. తరావీలో యూసుఫ్ సూరా వచ్చిన రోజు మాత్రం నా వేగం దానంతటదే తగ్గిపోతుంది. ముసలివాళ్లెవరూ ఫిర్యాదు చేయరు, మొదటి వరుస చివర కుర్చీలు వేయించాను మరి.