చప్పుడు లేని కారు, ఆరోన్ డ్రైవరు

కొవ్వూరు రైల్వే గేటు దగ్గర నడుస్తున్న కారును ఆరోన్ నలుగురి చేత తోయించాడు. గేటు పడింది, కారు ఆగింది, గూడ్సు వెళ్ళింది, గేటు లేచింది. చూస్తే డ్యాష్‌బోర్డు మీద ఇంజను వేగం చూపించే ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. చప్పుడు లేదు. వెనక బస్సు. ఆరోన్ గేరు న్యూట్రల్లోకి తెచ్చి, బ్రేకు మీద కాలు తీయకుండానే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "కాస్త చెయ్యి వెయ్యండి బాబూ" అని అడిగాడు. ఒక బ్యాంకు గుమాస్తా, ఇద్దరు ఇసుక కూలీలు, ముంజలు అమ్ముకునే చిట్టియ్య వచ్చి చేతులు వేశాక ఆరోన్ బ్రేకు వదిలాడు. యజమానురాలు శ్యామలాంబ గారు బరువు తగ్గుతుందని కిందికి దిగి, నిశ్చితార్థానికని కట్టుకున్న ఉప్పాడ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, పట్టాల మీదుగా కారు వెంట నడిచారు.

కారు గేటు దాటింది, కిళ్ళీకొట్టు కూడా దాటింది. అప్పుడు చిట్టియ్య ఆగాడు.

"డ్రైవరుగారూ, పొగగొట్టం నా కాలికి వెచ్చగా తగులుతోందండి. ఇది నడుస్తున్నట్టుందండి."

శ్యామలాంబ గారు కిటికీలోంచి చెయ్యి లోపల పెట్టి చూశారు. ఏసీ హాయిగా వస్తోంది.

అది హైబ్రిడ్ కారు. పెట్రోలు ఇంజను ఒకటి, దానికి తోడు కరెంటు మోటారు ఒకటి. బండి ఆగితే ఇంజను తనే ఆగిపోతుంది, బ్రేకు మీద కాలు తీస్తే తనే లేస్తుంది. రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేసే పల్లంరాజు గారికి వాళ్ళబ్బాయి ఉదయభాస్కర్ హైదరాబాదు నుంచి సెకండ్ హ్యాండులో తెప్పించాడు. రెండువేల తొమ్మిదిలో ఆ చుట్టుపక్కల అలాంటి బండిని చూసినవాళ్ళే తక్కువ. నడపాల్సిన ఆరోన్ అయితే దాన్ని చూసి నాలుగు రోజులు కాలేదు.

అంతకుముందు ఆ ఇంట్లో డీజిల్ అంబాసిడర్ ఉండేది. మీసాలు నల్లగా ఉన్నప్పుడు ఆరోన్ దాని స్టీరింగు పట్టుకున్నాడు, నెరిశాక వదిలాడు. దానికి ముళ్ళు ఎప్పుడో పనిచేయడం మానేశాయి. ఆయన దాన్ని చెవితోనే నడిపాడు. తల కుడివైపుకు కాస్త వంచి, ప్రసంగం వింటున్నట్టు ఇంజను వినేవాడు. గొంతు బొంగురుపోతే గేరు మార్చాలి. కుతకుతమంటే బండి పక్కకు తీసి, బానెట్ ఎత్తి, డిక్కీలో ఎప్పుడూ ఉండే డబ్బాతో రేడియేటరులో నీళ్ళు పోయాలి. నీళ్ళ పేరు చెప్పి పల్లంరాజు గారూ ఆయనా తాగిన టీలకు లెక్కలేదు.

ఆరోన్ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. రెండు మూడేళ్ళుగా ఆయనకు సరిగ్గా వినపడటం లేదు. అంబాసిడర్ ఉన్నన్నాళ్ళూ ఫరవాలేకపోయింది. ఆ మోత చెవికి అందకపోయినా గేరురాడ్డు అరచేతికి చెప్పేది. చర్చిలో వెనక బెంచీ నుంచి మొదటి బెంచీకి మారితే, ఆరోన్‌కు భక్తి ముదిరిందని పాస్టరుగారు నలుగురిలో మెచ్చుకున్నారు. ఆరోన్ ఆ మెప్పు కాదనలేదు. ఇప్పుడీ కొత్త కారు చెవికీ చెప్పదు, చేతికీ చెప్పదు. గేటు దగ్గర చప్పుడు ఆగినప్పుడు ఆయన భయపడింది బండి చెడిందని కాదు. ఉన్న కాస్త వినికిడీ పోయిందేమోనని.

మర్నాడు పొద్దున్నే బానెట్ ఎత్తి, నీళ్ళ డబ్బా మూత తీసి చూశాడు. లోపల ఆకుపచ్చగా ఉంది. హైదరాబాదు వాళ్ళు చెరువు నీళ్ళు పోసి పాడుచేశారని జాలిపడి, కాలవ నుంచి బిందెడు నీళ్ళు తెచ్చాడు. డబ్బాలోది తోడిపోయబోతుండగా ఉదయభాస్కర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఆగండి ఆరోన్ గారూ. అది కూలెంటండి. ఇంజను కాగిపోకుండా పోస్తారు."

"ఆకుపచ్చగానే ఉంటుందాండి?"

"ఉంటుందండి."

"నేను పాచి అనుకున్నానండి. మంచి నీళ్ళే తెచ్చాను బాబుగారూ, నిన్ననే కాలవ వదిలారు."

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర భాస్కర్ తండ్రితో మాట్లాడాడు. రాజమండ్రిలో ఒక కుర్రాడున్నాడు, ఇలాంటి బండ్లు తెలిసినవాడు. ఆరోన్ గారిని గెలల షెడ్డు దగ్గర కుర్చీలో కూర్చోబెడదాం, జీతం ఏమీ తగ్గించొద్దు. పల్లంరాజు గారు మజ్జిగ పోసుకుంటూ, "సోమవారం రాజమండ్రి వెళ్ళాలిగా. నేను ముందు సీట్లో కూర్చుంటాను. చూసి చెప్తాను" అన్నారు. వరండాలో ఉన్న ఆరోన్‌కు షెడ్డు, కుర్చీ, సోమవారం అన్న మాటలు అందాయి. మిగతాది తనే కలుపుకున్నాడు.

సాయంత్రం భార్య జ్ఞానమ్మ వెతుక్కుంటూ వచ్చేసరికి ఆరోన్ కారు షెడ్డులో స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె పక్క సీట్లో కూర్చుంది. అంత మెత్తటి సీటులో కూర్చోవడం అదే మొదలు.

"ఏం చేస్తున్నావయ్యా ఇక్కడ?"

"ముళ్ళు చూస్తున్నా. ఇది ఇంజను ఎంత తిరుగుతోందో చెప్తుంది. అదుగో, అది వేడి. బాబుగారు చెప్పారు." "జ్ఞానం, నాకు చెవులు సరిగ్గా పనిచేయట్లేదే."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"నేను అరుస్తూ మాట్లాడుతున్నప్పటినుంచి. కోపం అనుకున్నావా?"

కోపమనే అనుకున్నాడు. ఆ కోపానికి భయపడి రెండేళ్ళుగా సంతకు కూరలకు కూడా తనే వెళుతున్నాడు.

"రాజుగారికి చెప్పెయ్యి. కళ్ళు బానే ఉన్నాయిగా నీకు" అంది జ్ఞానమ్మ.

సోమవారం పల్లంరాజు గారు ముందు సీట్లో కూర్చున్నారు. జొన్నాడ వంతెన మీద ఏదో లారీ చెడి, బండ్లన్నీ నిలిచిపోయాయి. కింద గోదావరి. ఇంజను ఆగింది, ముల్లు సున్నాకు వచ్చింది.

"పోయిందా?" అన్నారు రాజుగారు.

"కునుకు తీస్తోందండి." ఆరోన్ వేడి ముల్లునే చూస్తున్నాడు. అది మెల్లగా కిందికి దిగుతోంది. "మరీ చల్లారితే తనే లేస్తుందండి. చూడండి, ఇప్పుడు."

నిజంగానే ఇంజను లేచింది. రాజుగారు చిన్నపిల్లాడిలా ముందుకు వంగి ముళ్ళవైపు చూశారు. అది మళ్ళీ ఆగింది. ఆరోన్ ఈసారి హుషారుగా, "ఇదుగో లేస్తుందండి" అన్నాడు. లేవలేదు. ఇద్దరూ ఎదురుచూశారు. అయినా లేవలేదు.

"జోస్యం ఒకసారికేనా ఆరోనూ?" అన్నారు రాజుగారు.

ముందు బండ్లు కదిలాయి. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. ఆరోన్ ఆ రెండు ముళ్ళనే చూస్తూ ప్రశాంతంగా కూర్చున్నాడు. రాజుగారు ఆయన మొహంకేసి చూశారు, వెనక్కి తిరిగి లారీని చూశారు, మళ్ళీ ఆయన మొహంకేసి చూశారు. భుజం తట్టారు. కారు కదిలింది. వంతెన దిగి రోడ్డు పక్కన చెట్టుకింద ఆపమన్నారు.

"వినపడలేదా?"

"లేదండి." ఆరోన్ స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అంబాసిడర్ ఉండగానే తగ్గిందండి. చెబితే బండి తీసేసుకుంటారని చెప్పలేదండి. మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని అలా తిప్పడం తప్పేనండి. షెడ్డు దగ్గర కూర్చోమంటే కూర్చుంటాను."

ఆ అంబాసిడర్ మోతలో ఇద్దరూ ఒకరికొకరు అరుచుకుంటూ మాట్లాడుకున్న మాటలన్నీ రాజుగారికి గుర్తొస్తున్నాయి. పంట పోయిన ఏడు, తండ్రి పోయిన రోజు, భాస్కర్ పుట్టాడని కబురు వచ్చిన సాయంత్రం. ఆ మోతలో ఆరోన్ ఒక్కడే కూర్చోలేదు.

"ఈమధ్య శ్యామల చెప్పేది నాకూ సగమే వినపడుతోంది" అన్నారు చివరికి. "ప్రాణానికి సుఖంగా ఉందని ఊరుకున్నాను. పద, రాజమండ్రిలో చెవుల డాక్టరు దగ్గరికి పోదాం. ఇద్దరం."

డాక్టరు ఇద్దరికీ పరీక్ష చేశాడు. చెవి వెనక పెట్టుకునే మిషను ఇద్దరికీ రాశాడు. ఆ మిషనుతో ఆరోన్‌కు బాగానే వినపడుతోందని డాక్టరు చెప్పాకే రాజుగారు మళ్ళీ అతని చేతికి తాళాలిచ్చారు. షెడ్డు మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. భాస్కర్ ఒక్కసారి ఎత్తబోతే, రాజుగారు తన మిషను తీసి జేబులో పెట్టుకున్నారు.

ఆరోన్‌కు మాత్రం ముళ్ళు చూసే అలవాటు పోలేదు. ముందు రోడ్డు, తర్వాత అద్దం, తర్వాత ఆ రెండు ముళ్ళు, మళ్ళీ రోడ్డు. ఇది వెనక సీట్లోంచి గమనించి గమనించి శ్యామలాంబ గారికి ఒకరోజు విసుగొచ్చింది.

"చెవికి మిషను పెట్టించాంగా ఆరోన్, ఇంకా ఆ ముళ్ళకేసి చూపులేంటి?"

"మిషను పెట్టుకుంటే మీ మాటలే వినపడుతున్నాయండి అమ్మగారూ, ఇంజను సంగతి ముల్లే చెప్పాలి."