ఐదు నిమిషాల బేరగాడు

ఖియెమ్‌ను ఎప్పుడు పిలిచినా "ఐదు నిమిషాలు" అంటాడు. ఆ ఐదు నిమిషాలు క్వీ న్యోన్ రేవులో పడవలు ఒడ్డెక్కేటప్పుడు మొదలై, చేపల బజారు కడిగేదాకా సాగుతాయి. పెళ్లయిన కొత్తలో అతని భార్య సెన్‌కు ఈ సంగతి తెలియదు. అప్పట్లో అతను బుద్ధిగా స్కూటర్లు బాగుచేసుకునేవాడు.

ఇప్పుడతనిది పేర్ల వ్యాపారం. ఇంటర్నెట్లో అంగడి పెట్టేవాళ్లకు పనికొచ్చే డొమైన్ పేర్లు, అంటే వెబ్ చిరునామాలు, ముందే కొని దాచి, అవసరం పడ్డవాళ్లకు ఎక్కువకు అమ్మడం. కొనడం బ్రహ్మాండంగా వచ్చింది. అమ్మడమే ఇంకా రాలేదు. పొద్దున లేస్తూనే గడువు తీరిన పేర్లు వెతుకుతాడు, అన్నం తింటూ వేలంపాటలు చూస్తాడు, మధ్యాహ్నం ఉయ్యాల మంచంలో ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకుంటాడు. బాగుచేయమని ఎవరో వదిలి వెళ్లిన స్కూటరు సీటు మీద పక్కింటి కోడి గుడ్లు పెట్టుకుంటోంది. దాన్ని అదిలించే తీరిక కూడా అతనికి లేదు.

ఇల్లు గడిచేది ముందు వాకిట్లో సెన్ అమ్మే బున్ మీద. సన్నటి బియ్యపు సేమ్యా, చేపముద్దలు, వేడి పులుసు. ఆ రుచికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. ఇక ఆర్డర్లు ఇంటర్నెట్లో తీసుకుందామని సెన్ బోర్డు రాసేవాణ్ణి పిలిచింది. చిరునామా ఏం రాయమంటారని వాడడిగాక వెతికితే, 'బున్ సెన్' అన్న పేరు ఎవరో అప్పటికే కొనేశారు. ఆ ఎవరో ఖియెమే.

"నా పేరు నాకిచ్చెయ్యవయ్యా," అంది సెన్.

"అబ్బ, దాని విలువ నీకు తెలీదే. పెద్ద పార్టీ ఎవరో ఒకరు వస్తారు, చూస్తూండు."

"నా పేరుకి నాకంటే పెద్ద పార్టీ ఎవరయ్యా?"

"ఐదు నిమిషాలాగు."

సెన్‌కు ఒళ్లు మండింది. సరే, పెద్ద పార్టీయే కావాలి కదా అని, రేకు గోడకు ఇవతల పులుసు కుండ పక్కన కూర్చుని, కొండల మీది దలాత్‌లో ఉండే వ్యాపారస్తురాలినంటూ గోడకు అవతలున్న మొగుడికి ఫోనులో ఉత్తరం కొట్టింది. గరిటె తిప్పేలోపే జవాబొచ్చింది. 'గౌరవనీయులైన మీకు నమస్కారం. మీరు కులాసా అని తలుస్తాను.'

ఆ పొద్దున పుదీనా తెచ్చిపెట్టమని ఎన్నిసార్లు అరిచిందో. ఒక్కసారీ కదలని మనిషి ఇతనేనా అని సెన్ ఆ ఉత్తరాన్ని మళ్లీ చదువుకుంది. ఆ తర్వాత బేరం కావాలనే సాగదీసింది. దలాత్‌లో చలి అంది, గిరాకీ లేదంది, మోకాళ్లు నొప్పులంది. అన్నిటికీ వెంటనే, ఓపిగ్గా జవాబులు. పైగా అతను సలహాకు ఆమె దగ్గరికే వచ్చేవాడు.

"దలాత్ ఆవిడ గట్టి పిండమే. ఏం రాయమంటావ్?"

"ఇంకాస్త మర్యాదగా రాయి."

"ఇంతకంటే ఎలా రాయనే? కాళ్లకి దణ్ణం పెట్టమంటావా?"

"పెడితే పోలా?"

బోర్డు రాసేవాడు రంగులు పట్టుకొస్తానన్న రోజు రానే వచ్చింది. ఇక తేల్చేద్దామని సెన్ తెల్లవారగానే, ఇంకా బోణీ కాకముందే, ఆఖరి మాట రాసేసింది. 'గిన్నెడు బున్ ధర ఇస్తాను. ఇస్తే ఇవ్వండి, లేకపోతే నా దారిన నేను పోతాను.'

లోపల ఉయ్యాల మంచం కిర్రుమంది. ఖియెమ్ పాత పేపరు మెలిపెట్టి, అగ్గిపెట్టె పట్టుకుని వచ్చాడు. బోణీ బేరం తెగకుండా పోయిన మనిషి పీడ వదలాలంటే గుమ్మంలో కాగితం కాల్చి తిప్పాలి. ఆ సంగతి అతనికి నేర్పింది సెనే.

"పో, పీడా, పో!" అంటూ గడప చుట్టూ మంట తిప్పాడు.

"ఎవరి పీడయ్యా అది?"

"ఆ దలాత్ పిసినారి ముండది! పొద్దున్నే బోణీ చెడగొట్టింది."

సెన్ గరిటె కుండలో పడేసింది. "నా గుమ్మంలో నన్నే తగలేస్తున్నావా?" అని ఫోను అతని మొహం ముందు పెట్టింది.

ఖియెమ్ తన ఉత్తరాలు తనే చదువుకున్నాడు. మంట వేళ్లకు తగిలేదాకా కాగితం వదల్లేదు.

"నువ్వా?"

"నేనే. మోకాళ్లు నొప్పులని రాస్తే వేడినీళ్ల కాపడం పెట్టుకోండమ్మా, పని తగ్గించుకోండమ్మా అని రాశావు. ఆ మోకాళ్లు ఇవేనయ్యా. నీ కళ్లముందు కుంటుతూ తిరుగుతుంటే ఎప్పుడైనా తలెత్తి చూశావా?" అంటూ ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. కోపంలో మొదలెట్టిన పని ఇంత బాధ పెడుతుందని ఆమె అనుకోలేదు.

ఖియెమ్ సిగ్గుతో చచ్చిపోయాడు. "తీసుకో, ఊరికే ఇచ్చేస్తా," అన్నాడు.

"బోణీ ఊరికే ఇస్తారా ఎవరైనా?" అని సెన్ కళ్లు తుడుచుకుని, చేపముద్దలు ఎక్కువేసి గిన్నెడు బున్ అతని ముందు పెట్టింది. తలొంచుకుని తిన్నాడు. అతని వ్యాపారంలో మొదటి అమ్మకం అదే.

సాయంత్రానికి బోర్డు ఎక్కింది. మనిషి మారాడా అంటే, కొన్నాళ్లు మారాడు. తర్వాత ఒక రోజు గిరాకీ తోసుకొస్తుంటే, గిన్నెలందుకోమని సెన్ కేకేసింది.

"ఐదు నిమిషాలు!"

సెన్ రెండో కేక వెయ్యలేదు. చెయ్యి తుడుచుకుని ఫోను తీసింది. 'గౌరవనీయులైన ఖియెమ్ గారికి దలాత్ నుంచి నమస్కారం. మోకాళ్లు మళ్లీ నొప్పిగా ఉన్నాయి.'

ఉయ్యాల మంచం కిర్రుమంది. ఒక చేతిలో గిన్నెల దొంతర, ఇంకో చేతిలో వేడినీళ్ల చెంబుతో ఖియెమ్ వచ్చి నిలబడ్డాడు.